వెనక నంబరు ప్లేటు నడిచేవాడిది

హాస్టల్లో ప్లేటు అంటే అన్నం ప్లేటే. చేరిన మొదటి ఏడాది ట్రంకు పెట్టెతో పాటు కొన్న స్టీలు ప్లేటు మీద పేరు కొట్టించుకోవడం మనందరం చేసిన పనే. పేరు లేకపోతే మెస్‌లో ప్లేటు మారిపోతుంది. అది మనం తినే ప్లేటు కాబట్టి దాని మీద మన పేరు ఉండడం న్యాయమే. ఈ హాస్టల్లో చదివి బయటికి వెళ్లిన మేము ఈ వార్షికోత్సవ సంచికలో మాట్లాడదలచుకున్నది ఇంకొక ప్లేటు గురించి. అది కారు వెనక బిగించే నంబరు ప్లేటు. దాని మీద కూడా పేర్లు రాయించుకోవడం, రంగులు మార్పించుకోవడం మనవాళ్లలో కూడా కనిపిస్తోంది. కారు మనదే, కొన్న డబ్బూ మనదే. కానీ ఆ వెనక నంబరు ప్లేటు మాత్రం మనది కాదు, రోడ్డు మీద నడిచేవాడిది అన్నది మా అభిప్రాయం.

చదువు, స్కాలర్‌షిప్పులు, మెస్ చార్జీలు, వరకట్నం, మూఢనమ్మకాలు - ఇలాంటి వాటి మీద వ్యాసాలు వచ్చే సంచికలో నంబరు ప్లేటు గోల ఏమిటని కొందరికి అనిపించవచ్చు. నాలుగు స్క్రూలతో పోయే పనికి ఇన్ని పేజీలా అని నవ్వుకోవచ్చు కూడా. చివరిదాకా చదివాక కూడా నవ్వు వస్తే మేము ఏమీ అనుకోము.

చిన్న కారు, పెద్ద సంతోషం

మన హాస్టళ్లలో చదివినవాళ్లు ఇవాళ టీచర్లుగా, నర్సులుగా, కానిస్టేబుళ్లుగా, బ్యాంకు ఉద్యోగులుగా, ఇంజనీర్లుగా, ట్యాక్సీ డ్రైవర్లుగా ఉన్నారు. సైకిలు తప్ప ఇంకో బండి ఎరగని ఇంట్లోకి మొదటిసారి కారు వస్తే ఆ ఇంటి ఆనందం ఎలాంటిదో మాకు బాగా తెలుసు. అది సెకండ్ హ్యాండ్ మారుతి 800 కావచ్చు, ఆల్టో కావచ్చు, వాయిదాల మీద కొన్న కొత్త కారు కావచ్చు. పేటలోని పిల్లలందరూ చుట్టూ చేరతారు. అమ్మ దిష్టి తీసి టైర్ల కింద నిమ్మకాయలు పెట్టిస్తుంది. ఆ సంతోషాన్ని మేము కొంచెం కూడా తక్కువ చేయడం లేదు. కారెక్కే హక్కు అందరితో పాటు మనకూ ఉంది.

కానీ ఆ మర్నాడు చాలామంది వెళ్లేది రేడియం స్టిక్కర్ల షాపుకి. అక్కడ నంబరు ప్లేటుకు నానా వేషాలు వేస్తారు. అంకెలను వంకర్లు తిప్పి రాస్తారు. 8055 నంబరు వస్తే ఇంగ్లిషులో 'బాస్' అని చదివేలా గీస్తారు. చివరి నాలుగు అంకెలు పెద్దవి చేసి, ముందున్న అక్షరాలను చీమతలకాయంత చేస్తారు. పైన ఒక పేరు, కింద ఒక నినాదం, పక్కన ఒక బొమ్మ పెడతారు. ఆ పైన నల్లటి ప్లాస్టిక్ కవరు వేసేవాళ్లూ ఉన్నారు. ఇంత చేశాక ప్లేటు మీద అన్నీ ఉంటాయి, నంబరు మాత్రం వెతుక్కోవాలి.

మూడు సెకన్ల చదువు

ముందు ప్లేటు కన్నా వెనక ప్లేటు ఎందుకు ముఖ్యమో ఒక్కసారి ఆలోచించండి. రోడ్డు వారగా నడిచిపోతున్న మనిషిని కారు గుద్దితే, అతను ముందు ప్లేటు చూడడు. చూసే వ్యవధి ఉండదు. గుద్దిన కారు ఆగితే సరే. ఆగకుండా పోతే, పడిపోయినవాడికి గానీ పక్కనున్నవాడికి గానీ కనిపించేది ఆ కారు వెనక భాగమే. పారిపోయే బండి తన గురించి వదిలిపోయే సాక్ష్యం ఆ వెనక ప్లేటు ఒక్కటే.

దానికి ఎంత వ్యవధి ఉంటుందో లెక్క వేద్దాం. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే కారు సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. అంటే 50 మీటర్ల దూరం దాటడానికి దానికి పట్టేది 3 సెకన్లు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు (1989) వెనక నంబరు మీద తెల్లని వెలుతురు పడేలా ఒక లైటు ఉండాలనీ, ఆ వెలుతురులో నంబరు చదవగలిగేలా ఉండాలనీ చెబుతున్నాయి. ఈ 50 మీటర్లు, 3 సెకన్లు ఒక మనిషికి మిగిలిన మొత్తం అవకాశం. ఆ 3 సెకన్లలో చదవాల్సిన దాన్ని వంకర అక్షరాలతో, మసి కవరుతో, మాడిపోయిన బల్బుతో మనం దాచిపెడుతున్నామా అన్నదే ప్రశ్న.

రోడ్డు మీద నడిచేది ఎవరు? ఉదయం 5 గంటలకు కూలికి పోయే మన అమ్మలు, మున్సిపాలిటీలో రోడ్లు ఊడ్చే మన పిన్నులు, గొర్రెలు తోలుకుపోయే మన మామలు, బడికి నడిచిపోయే మన తమ్ముళ్లు. ఊరు ఒక పక్క, పొలం ఇంకో పక్క ఉండి, మధ్యలో నాలుగు వరుసల హైవే దాటవలసిన వాళ్లు. కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవాళ్లు 1,68,491 మంది. అందులో నడిచిపోతున్నవాళ్లు 32,825 మంది. గుద్ది ఆగకుండా పోయిన కేసుల్లో చనిపోయినవాళ్లు 30,486 మంది. ఈ చివరి అంకె వెనకాల ఉన్న కుటుంబాల్లో ఎన్ని ఇళ్లు మన ఇళ్లలాంటివో చెప్పనక్కరలేదు.

నంబరు దొరికితే ఒక లెక్క, దొరకకపోతే ఒక లెక్క

పోయిన మనిషి ఎలాగూ తిరిగి రాడు, నంబరు తెలిస్తే మాత్రం ఏం లాభం అని కొందరు అంటారు. ఆ మాట అనేవాళ్లకు చట్టం తెలియదని మా అభిప్రాయం.

గుద్దిన బండి ఏదో తెలియకపోతే ఆ కుటుంబానికి మిగిలేది మోటారు వాహనాల చట్టం 161వ సెక్షన్. దాని ప్రకారం చనిపోయినవాడి కుటుంబానికి 2 లక్షలు, తీవ్రంగా గాయపడినవాడికి 50 వేలు ఇస్తారు. 2022 ఏప్రిల్ 1 నుంచి ఈ మొత్తాలు అమల్లోకి వచ్చాయి. అంతకు ముందు అయితే చావుకు 25 వేలు, గాయానికి 12,500 మాత్రమే. ఈ సొమ్ము కోసం రెవెన్యూ అధికారికి దరఖాస్తు పెట్టుకోవాలి, జిల్లా కలెక్టరు మంజూరు చేయాలి. ఇలాంటి సొమ్ము ఒకటి ఉందన్న సంగతి కూడా తెలియని కుటుంబాలు మన పల్లెల్లో ఎన్నో.

బండి నంబరు తెలిస్తే కథ వేరు. ప్రతి బండికీ థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు తప్పనిసరి. నంబరు ఉంటే ఓనరు దొరుకుతాడు, ఓనరు దొరికితే ఇన్సూరెన్సు కంపెనీ దొరుకుతుంది. తప్పు ఎవరిదన్న వాదన లేకుండానే చావుకు 5 లక్షలు, తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు అడిగే వీలు 164వ సెక్షన్లో ఉంది. డ్రైవరు తప్పు రుజువు చేయగలిగితే 166వ సెక్షన్ కింద ట్రిబ్యునల్‌కు పోయి, పోయినవాడి వయసునూ సంపాదననూ బట్టి పరిహారం అడగవచ్చు. ఆ లెక్క ఎలా కట్టాలో సుప్రీంకోర్టు 2009లో సరళా వర్మ కేసులోనూ, 2017లో ప్రణయ్ సేఠీ కేసులోనూ స్పష్టంగా చెప్పింది.

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. కూలి పని చేసే 38 ఏళ్ల మనిషి. నెలకు 9 వేల సంపాదన. భార్య, ఇద్దరు పిల్లలు, ముసలి తల్లి అతని మీద ఆధారపడి ఉన్నారు. ఏడాదికి సంపాదన 1,08,000. వయసు 40 లోపు కాబట్టి ముందు ముందు పెరిగే సంపాదన కింద 40 శాతం కలిపితే 1,51,200. అతని సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీసేస్తే 1,13,400. ఆ వయసుకు చెప్పిన 15 తో గుణిస్తే 17,01,000. అంత్యక్రియల ఖర్చు వంటివి దీనికి అదనం.

ఒక పక్క 2 లక్షలు. ఇంకో పక్క 17 లక్షలు. మధ్యలో ఉన్నది పది అక్షరాల నంబరు. ఆ తేడా ఉత్త డబ్బు తేడా కాదు. అది ఆ ఇద్దరు పిల్లలు హాస్టల్లో ఉండి చదువుకోవడానికీ, టెన్త్ మధ్యలో మానేసి సిమెంటు పనికి పోవడానికీ మధ్య తేడా. ఈ సంచిక చదివే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఇంతకంటే వివరంగా చెప్పనక్కరలేదు.

ప్లేటు సరిగ్గా బిగించడం ఎలా

ఇంతకీ చేయవలసిన పని చాలా చిన్నది. కారు కొన్న అన్నలు, అక్కలు ఈ కొలతలు గుర్తుపెట్టుకుంటే చాలు.

చిన్న కార్లకు నిబంధన ఒప్పుకునే ప్లేట్లు రెండు రకాలు. ఒకటి 500 మిల్లీమీటర్ల పొడవు, 120 మిల్లీమీటర్ల ఎత్తు ఉన్న పొడుగు ప్లేటు. రెండోది 340 పొడవు, 200 ఎత్తుతో రెండు వరుసల్లో నంబరు వచ్చే ప్లేటు. కారు వెనక, డిక్కీ తలుపు మీదనో బంపరు మీదనో ప్లేటు కోసం కంపెనీవాళ్లే ఒక గుంత చోటు వదులుతారు. ఆ చోటు ఆకారాన్ని బట్టి ప్లేటు ఎంచుకోవాలి. పొడుగు చోటులో రెండు వరుసల ప్లేటు పెడితే అది పైకి పొడుచుకొచ్చి లైటును మూసేస్తుంది. సెకండ్ హ్యాండ్ కార్లలో ఈ తప్పు తరచు కనిపిస్తుంది. ఇంకొందరు ఆ చోటు వదిలేసి ప్లేటును బంపరు అడుగున వేలాడదీస్తారు. కంపెనీవాళ్లు ఇచ్చిన చిన్న లైటు పై చోటు మీద పడేలా ఉంటుంది, కింద ఉన్న ప్లేటు మీద దాని వెలుతురు పడదు. పైగా వానకాలంలో నాలుగు రోజులకే బురద పట్టి నంబరు కనపడదు.

అక్షరాలు, అంకెలు 65 మిల్లీమీటర్ల ఎత్తు ఉండాలి. అంటే దాదాపు రెండున్నర అంగుళాలు. గీత మందం 10 మిల్లీమీటర్లు, అక్షరానికీ అక్షరానికీ మధ్య ఎడం 10 మిల్లీమీటర్లు. సొంత కారుకు తెలుపు మీద నలుపు, ట్యాక్సీకి పసుపు మీద నలుపు. కరెంటు కార్లకు ఆకుపచ్చ ప్లేటు, అందులో సొంత బండికి తెల్ల అక్షరాలు, ట్యాక్సీకి పసుపు అక్షరాలు.

2019 ఏప్రిల్ 1 నుంచి తయారైన బండ్లకు హై సెక్యూరిటీ ప్లేటు కంపెనీయే ఇవ్వాలి, డీలరే బిగించాలి. ఈ ప్లేటు ఆలోచన కొత్తది కాదు. నిబంధన 2001లోనే వచ్చింది. రాష్ట్రాలు ఏళ్ల తరబడి జాప్యం చేస్తే సుప్రీంకోర్టు గట్టిగా చెప్పవలసి వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013 చివరలో మొదలైంది. ఇది ఒక మిల్లీమీటరు మందం ఉన్న అల్యూమినియం రేకు. పైన ఎడమ మూల అశోక చక్రం ఉన్న హోలోగ్రాం ఉంటుంది. దాని కింద నీలం రంగులో దేశం పేరుకు గుర్తుగా మూడు ఇంగ్లిషు అక్షరాలు, అడుగున లేజరుతో చెక్కిన గుర్తింపు సంఖ్య ఉంటాయి. రాత్రిపూట వెనక వచ్చే బండి లైటు పడితే ప్లేటు మెరుస్తుంది.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. వెనక ప్లేటును స్నాప్ లాక్‌తో బిగించాలని నిబంధన ప్రత్యేకంగా చెబుతుంది. ఇది మామూలు స్క్రూ కాదు. ఒకసారి నొక్కితే మళ్లీ ఊడదు, ఊడదీయాలంటే పగలగొట్టాల్సిందే. పగిలినది మళ్లీ పనికిరాదు. ప్లేటు దొంగిలించి ఇంకో బండికి తగిలించకుండా ఉండడానికి ఈ ఏర్పాటు. దొంగ ప్లేటు పెట్టుకున్నవాడు చేసిన తప్పుకు చలానా ఎవరి ఇంటికి వస్తుందో చెప్పనక్కరలేదు కదా. కాబట్టి లాక్ పగలగొట్టి, మామూలు స్క్రూలు వేసి, మధ్యలో స్టైలు ఫ్రేము పెట్టే మెకానిక్కు మాట వినకండి. హోలోగ్రాం మీద, సంఖ్య మీద డ్రిల్లు పడనివ్వకండి. పాత కారుకు కూడా ఈ ప్లేటు అధీకృత డీలరు దగ్గర పెట్టించుకోవచ్చు. రోడ్డు పక్కన అచ్చం అలాగే కనిపించేలా చేసి ఇచ్చేది నకిలీదే.

చివరగా ఆ చిన్న లైటు. హెడ్‌లైటు పోతే మర్నాడే మార్పిస్తాం, ఎందుకంటే మనకు దారి కనపడదు. నంబరు ప్లేటు లైటు పోతే ఏడాది గడిచినా పట్టించుకోము, ఎందుకంటే దానివల్ల మనకు వచ్చే నష్టం ఏమీ లేదు. కష్టం పడేది ఇంకొకడు. మనిషి బుద్ధి ఎలాంటిదో ఆ బల్బు చూస్తే తెలుస్తుంది.

మన పేరైనా సరే

ఇక కొంచెం ఇబ్బందికరమైన విషయానికి వద్దాం. ప్లేటు మీద కులం పేరు, ఇంటిపేరు, ఎమ్మెల్యే గారి తాలూకా, ప్రెస్సు, పోలీసు అని రాసుకునేవాళ్లను చూసి మనం చాలాకాలంగా కోప్పడుతున్నాం. ఆ కోపం న్యాయమైనదే. ఆ రాతలకు ఒకటే అర్థం: 'నన్ను ఆపకు, నేనెవరో తెలుసా?' అని. ఆ మాట ఎప్పుడూ మనలాంటి వాళ్ల మీదే పడుతూ వచ్చింది. 2025 సెప్టెంబరులో అలహాబాద్ హైకోర్టు తీర్పు తర్వాత ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం వాహనాల మీద కులం పేర్లు తీసేయాలని ఆదేశించిందని విన్నప్పుడు మనలో చాలామంది సంతోషించారు.

అయితే మనవాళ్లు కొందరు అదే ప్లేటు మీద మన నాయకుల పేర్లు, మన నినాదాలు రాయించుకుంటున్నారు. 'వాళ్లు ఇన్నాళ్లు రాసుకున్నారు, ఇప్పుడు మేం రాసుకుంటే తప్పా?' అని అడుగుతున్నారు. ఈ ప్రశ్నలో ఉన్న బాధ మాకు అర్థమవుతుంది. తల ఎత్తుకుని పేరు చెప్పుకోవడానికి మనకు ఎంత కాలం పట్టిందో మాకు తెలుసు. అయినా మా జవాబు: ప్లేటు మీద మాత్రం వద్దు.

ఎందుకంటే రోడ్డు మీద ఉన్న వస్తువులన్నిటిలో నిజంగా సమానత్వం పాటించేది ఆ ప్లేటు ఒక్కటే. కారు ఖరీదు వేరు కావచ్చు. లోపల కూర్చున్నవాడి హోదా వేరు కావచ్చు. ప్లేటు కొలత మాత్రం ఒకటే, అక్షరం ఎత్తు ఒకటే, నలుపు తెలుపు ఒకటే. ఎర్ర బుగ్గలు 2017 మే 1 నుంచి పోయాయి. రాష్ట్రపతి, ఉపరాష్ట్రపతి, గవర్నర్ల కార్లకు కూడా రిజిస్ట్రేషను చేయించి నంబరు కనపడేలా పెట్టాలని 2018 జూలైలో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. అంతకు ముందు ఆ కార్ల మీద నంబరుకు బదులు మూడు సింహాల గుర్తు ఉండేది. దేశంలో మొదటి పౌరుడి కారుకే నంబరు తప్పనప్పుడు, ఇంకెవరికి మినహాయింపు? బాబాసాహెబ్ మనకు ఇచ్చినది చట్టం ముందు అందరూ సమానమన్న 14వ అధికరణం. ఆయన పేరుతో ఆ సమానత్వాన్నే కప్పేయడం ఆయనకు గౌరవం కాదు. ఆయన ఫోటో ఇంట్లో గోడ మీద ఉండాలి, ఆయన పుస్తకం చేతిలో ఉండాలి. ప్లేటు మీద నంబరు ఉండాలి.

ఇలాగే తెలుగు మీద అభిమానంతో నంబరును తెలుగు అంకెల్లో రాయించుకునేవాళ్లు ఉన్నారు. అభిమానం మంచిదే. కానీ నంబరు ఇంగ్లిషు అక్షరాల్లో, మామూలు అంకెల్లోనే ఉండాలన్నది నిబంధన. మన జాతీయ రహదారి మీద ఒడిశా లారీ డ్రైవరూ, తమిళనాడు క్లీనరూ కూడా ఉంటారు. సాక్షి వాళ్లే కావచ్చు.

పోలీసుల బాధ అంటారా?

'నంబరు ప్లేటు బాగుంటే లాభపడేది చలానా వేసే పోలీసులే' అని ఒక వాదన ఉంది. కెమెరాలు వెనక నుంచి ఫోటో తీసి చలానా పంపుతాయి కాబట్టి ప్లేటు వంచేవాళ్లు, గుడ్డ కట్టేవాళ్లు తయారయ్యారు. చలానాలు కొన్నిసార్లు అన్యాయంగా పడుతున్నాయన్నది నిజం. దానికి ఆధారాలతో ఫిర్యాదు చేసే దారి ఉంది, చేయాలి కూడా. కానీ వెయ్యి రూపాయల చలానా తప్పించుకోవడానికి ప్లేటు దాచినవాడు, 17 లక్షల న్యాయం జరగవలసిన కుటుంబానికి కూడా దాన్ని దాస్తున్నాడు. కెమెరాకు కనపడని ప్లేటు రోడ్డు వార పడి ఉన్న మనిషికి కూడా కనపడదు.

'మేము జాగ్రత్తగా నడుపుతాం, మా కారు ఎవరినీ గుద్దదు' అని ఇంకొందరు అంటారు. అలాగే జరగాలని మేమూ కోరుకుంటాం. కానీ కారు మన చేతిలోనే ఉండదు. బావమరిది తీసుకుపోతాడు, స్నేహితుడు అడుగుతాడు, దొంగ ఎత్తుకుపోతాడు, రేపు ఇంకొకరికి అమ్ముతాం. ప్లేటు ఆ బండితోనే పోతుంది. నమ్మకం మన మీద మనకు ఉండవచ్చు. రోడ్డు మీద నడిచేవాడు మనల్ని ఎరగడు. అతనికి మనం ఇవ్వగలిగిన హామీ ఆ నంబరే. 1893లోనే పారిస్ నగర పోలీసులు మోటారు బండ్లకు గుర్తింపు ప్లేటు ఉండాలని ఉత్తర్వు ఇచ్చారు. రోడ్డు మీదికి మోటారు వచ్చిన తొలి రోజుల్లోనే దానికి గుర్తింపు కావాలని మనుషులకు తెలిసిపోయింది.

తమ్ముళ్లు, చెల్లెళ్లు చేయగల పని

కారు లేని తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇది మా విషయం కాదనుకోవద్దు. అసలు ఇది మీ విషయమే. నడిచేది మీరే.

మన ఇళ్లలో పెద్దవాళ్లు చాలామందికి ఇంగ్లిషు అక్షరాలు రావు. కానీ అంకెలు వస్తాయి. నోటు మీద, ఫోను మీద, బస్సు మీద వాళ్లు రోజూ అంకెలు చూస్తూనే ఉన్నారు. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు అమ్మకు, నాయనమ్మకు ఒక్క సంగతి నేర్పండి. బండి గుద్ది పోతే తిట్టడం తర్వాత, ముందు చివరి నాలుగు అంకెలు చూడాలి. రంగు చూడాలి. చిన్న కారా, జీపా, లారీనా చూడాలి. ప్లేటు పసుపా తెలుపా చూడాలి. ఈ నాలుగూ చెప్పగలిగితే పోలీసులకు వెతకడానికి దారి దొరుకుతుంది. చేతిలో ఏమీ లేకపోతే మట్టి మీద అయినా పుల్లతో రాసిపెట్టాలి.

మీరు ఇంకొంచెం ఎక్కువ నేర్చుకోవచ్చు. ఉమ్మడి రాష్ట్రంలో ఏపీ తర్వాత వచ్చే అంకె జిల్లాను చెప్పేది: 2 అనంతపురం, 7 గుంటూరు, 16 కృష్ణా, 24 నల్గొండ, 31 విశాఖపట్నం, 36 వరంగల్. 2014లో తెలంగాణ వచ్చాక అక్కడి కొత్త బండ్లకు టీఎస్ వచ్చింది, 2024 మార్చి నుంచి టీజీ వస్తోంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో రాష్ట్రమంతటికీ ఒకే కోడ్‌గా 39 తెచ్చారు. ఆర్టీసీ బస్సు నంబరులో జెడ్ అక్షరం, పోలీసు బండి నంబరులో పీ అక్షరం ఉంటాయి. సాయంత్రం గేటు దగ్గర నిలబడి పోయే బండ్ల నంబర్లు ఒకరు చదవడం, ఇంకొకరు చూడకుండా తిరిగి చెప్పడం ఆటగా ఆడండి. వారం రోజుల్లో మీ కంటికి ఆ 3 సెకన్లు సరిపోతాయి.

గాయపడినవాడిని ఆస్పత్రికి చేరిస్తే పోలీసులు మనల్నే పట్టుకుంటారన్న భయం ఇంకా మన ఊళ్లలో ఉంది. అలా సాయం చేసినవాడిని కాపాడే సెక్షన్ 2019 సవరణతో చట్టంలోకి వచ్చింది. పేరు, చిరునామా చెప్పమని అతన్ని బలవంతం చేయకూడదని 2020 నిబంధనలు చెబుతున్నాయి. ఈ మాట కూడా ఊళ్లో నలుగురికీ చెప్పండి.

ఇక మా అన్నలకు, అక్కలకు ఒక మనవి. వార్షికోత్సవం రోజున మీలో చాలామంది కార్లలో వస్తారు, హాస్టలు గోడ వారగా వరుసగా ఆపుతారు. ఆ రోజు తమ్ముళ్లను, చెల్లెళ్లను ఒక పని చేయనివ్వండి. ఒక్కొక్క కారు వెనక నుంచి 50 మీటర్లు కొలిచి, అక్కడ నిలబడి నంబరు చదవమనండి. పొద్దుపోయాక లైటు వేసి ఇంకోసారి చదవమనండి. చదవగలిగితే సరే. చదవలేకపోతే ఏ అన్న కారైనా, ఎంత పెద్ద ఉద్యోగంలో ఉన్నా, మొహమాటం లేకుండా చెప్పమనండి. ఆ అన్న కోపం తెచ్చుకోకుండా మర్నాడే ప్లేటు మార్పించుకోవాలి, బల్బు వేయించుకోవాలి. కవరు ఉంటే ఆ రాత్రికే పీకి పారేయాలి. ఖర్చు పెద్దగా ఉండదు. ఈ హాస్టల్లో తిన్న అన్నానికి రోడ్డు మీద మనం చూపగలిగిన చిన్న కృతజ్ఞత ఇది.